జుట్టుకు నీలిమందు

తలకు రుద్దుకునే షాంపూ ఎంచుకోవటానికి కూడా వారపత్రికలో ఇన్ని కాలాలు కావాలా అని మగవారు నవ్వితే నవ్వనివ్వండి. గెడ్డం గీసుకునే బ్లేడు కోసం వారు నాలుగు కొట్లు తిరగటం మనం చూడని సంగతేమీ కాదు. పైగా ఈ వారం నేను జవాబు చెప్పబోయే ఉత్తరం రాసిన అమ్మాయికి ఇది నవ్వులాట కానే కాదు. ఉత్తరంలో కొంత భాగం ఇక్కడ ఇస్తున్నాను.

“అక్కయ్యగారూ, మాది రాజమండ్రి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా జడ నడుము దాటి ఉండేది. ఫోనులో ఒక ఫొటో చూసి, జుట్టుకు సగం నుంచి కింది దాకా బూడిద ఛాయ కలిసిన గోధుమరంగు వేయించుకోవాలని ముచ్చటపడి పార్లరుకు వెళ్లాను. ముందు నలుపు తియ్యాలని బ్లీచింగు చేశారు. తరవాత రంగు వేశారు. మొదటి వారం బాగానే ఉంది. నాలుగు తలంట్లు అయ్యేసరికి ఆ రంగు కాస్తా దిగిపోయి, అడుగు నుంచి నారింజరంగు బయటపడింది. పార్లరులో అడిగితే ఊదారంగు షాంపూ వాడమన్నారు. దాచుకున్న డబ్బంతా పెట్టి పెద్ద సీసా కొన్నాను. పదిహేను రోజులు రోజూ వాడాను. గోళ్లు ఊదారంగుకు తిరిగాయిగాని జుట్టు నారింజరంగుగానే ఉంది. పైగా కొబ్బరిపీచులాగా తయారైంది. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. పెదనాన్నగారి అమ్మాయి పెళ్లి పన్నెండు రోజులుంది. అమ్మ నల్లరంగు పెట్టె తెచ్చి బల్లమీద పెట్టింది. పార్లరువారేమో ఇంకోసారి బ్లీచింగు చేస్తే నారింజ పోతుందంటున్నారు. నేనేం చెయ్యను?”

పత్రిక అచ్చయి చేతికి వచ్చేసరికి పెళ్లి దాటిపోతుంది గనక ఆ అమ్మాయికి విడిగా జవాబు రాసేశాను. కాని ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య తరచు వస్తున్నాయి. నా క్లాసులోనే వెనకబెంచీల వైపు చూస్తే తేనెరంగు, రాగిరంగు, బూడిదరంగు జడలు నాలుగైదు కనిపిస్తాయి. అందుచేత అందరికీ పనికివచ్చేట్టు ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

ముందు అసలు విషయం ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఆ షాంపూ మంచిదే అయి ఉండవచ్చు. ఆ అమ్మాయి వాడకంలోనూ శ్రద్ధకు లోటు లేదు. కాని జబ్బు ఒకటి, మందు ఇంకొకటి. పసుపుకు విరుగుడు ఊదా. నారింజకు విరుగుడు నీలం. ఆమె తలలో ఉన్నది నారింజ. ఆమె రుద్దింది ఊదా. పదిహేను రోజులు కాదు, పదిహేను నెలలు రుద్దినా ఫలితం అంతే.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఇక ఎవరూ మనల్ని మోసం చెయ్యలేరు. నేను చదివింది తెలుగు ఎం.ఏ.; నన్నయ, తిక్కనల సంగతి అడిగితే చెప్పగలను, వెంట్రుక సంగతి నాకేం తెలుసు? అందుకని స్టాఫ్ రూములో మా కెమిస్ట్రీ లెక్చరరుగారిని పట్టుకున్నాను. “వెంట్రుక గురించి నాలుగు మాటలు చెబుతారాండీ?” అన్నాను. “రాలిపోతుంది. అంతకంటె ఏం చెప్పమంటారు?” అన్నారావిడ నవ్వుతూ. తరవాత టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఓపిగ్గా చెప్పుకొచ్చారు.

వెంట్రుక పైన చేప పొలుసుల్లాగా ఒకదానిమీద ఒకటి కప్పుకున్న సన్నటి పొర ఉంటుందిట. రంగు ఉండేది ఆ పైపొరలో కాదు, దాని లోపలి భాగంలో. ఆ రంగు పదార్థం పేరు మెలనిన్. అందులో రెండు రకాలు: నలుపు, ముదురు గోధుమ రంగులనిచ్చేది యూమెలనిన్; ఎరుపు, పసుపు ఛాయలనిచ్చేది ఫియోమెలనిన్. బ్లీచింగు పొడిలో పెర్సల్ఫేట్ లవణాలుంటాయి. దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిపి జుట్టుకు పట్టిస్తే పొలుసులు విచ్చుకుంటాయి, మందు లోపలికి పోయి మెలనిన్‌ను విరగ్గొడుతుంది. పార్లరులో ‘20 వాల్యూం’, ‘30 వాల్యూం’ అనే మాటలు వింటూ ఉంటారు గదా! 20 వాల్యూం అంటే 6 శాతం పెరాక్సైడు, 30 అంటే 9 శాతం, 40 అంటే 12 శాతం. అంకె పెరిగినకొద్దీ ఘాటు పెరుగుతుందన్నమాట.

నల్లటి జుట్టు ఒక్కసారిగా తెల్లబడదు. మధ్యలో మజిలీలు ఉన్నాయి. నలుపు వదలగానే ముందు కనిపించేది ఇటుక ఎరుపు. ఆ తరవాత కమలాపండు నారింజ. ఆ పైన బాగా పండిన బంగినపల్లి మామిడిపండు పసుపు. ఆఖరున అరటిపండు తొక్క లోపలివైపు ఉండే లేత పసుపు. విదేశాల్లో తెల్లదొరసానుల జుట్టు పుట్టుకతోనే లేత రంగు గనక వారికి బ్లీచింగు మొదలుపెట్టేసరికే పసుపు దగ్గర ఉంటుంది. అందుచేత అక్కడి సీసాల్లో ఎక్కువ భాగం ఊదారంగువే. మనది కారునలుపు. మన పార్లర్లలో మూడు గంటలు కూర్చోబెట్టి చేసే బ్లీచింగు చాలామందికి నారింజ మజిలీ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి వారి మందు తెచ్చి ఇక్కడి జబ్బుకు వాడటం వల్లనే ఈ తంటా అంతా.

మన నల్లజుట్టు బంగారు రంగుకు రాదా అంటే, రాకేం? తిరుమలలో మొక్కు తీర్చుకున్న భక్తుల తలనీలాలను దేవస్థానంవారు వేలం వేస్తారు. ఆ జుట్టు విదేశాలకు ఎగుమతి అయి, బంగారు రంగు తలకట్లుగా, అతుకుడు జడలుగా దుకాణాల్లో వేలాడుతుంది. కాని అక్కడ రంగు తీసే పని నెమ్మదిగా, ఆగి ఆగి జరుగుతుంది. పైగా ఆ జుట్టు కింద తల లేదు! మంట పుట్టటానికి చర్మం లేదు, నొచ్చుకోవటానికి మనిషి లేదు. మన సంగతి అలా కాదు గదా.

ఇంతకీ ఈ బ్లీచింగు నిన్నమొన్నటిది కాదు. హైడ్రోజన్ పెరాక్సైడును ఫ్రెంచి శాస్త్రవేత్త థెనార్ 1818లో కనిపెట్టాడు. 1867లో పారిస్‌లో జరిగిన మహాప్రదర్శనలో దానితో జుట్టు రంగు మార్చి చూపించారు. 1931లో జీన్ హార్లో నటించిన ‘ప్లాటినం బ్లాండ్’ అనే హాలీవుడ్ సినిమా వచ్చాక వెండిలాంటి జుట్టు కోసం అక్కడి ఆడవాళ్లకు పిచ్చి పట్టింది. అప్పుడే వారికీ ఈ చిక్కు ఎదురైంది: ఎంత బ్లీచింగు చేసినా అడుగున కాస్త పసుపు మిగిలిపోతుంది. దాన్ని చంపటమెట్లా?

దీనికి జవాబు మన ఇళ్లలో మన అమ్మలకు, అమ్మమ్మలకు ఏనాడో తెలుసు. తెల్లపంచె ఎంత ఉతికినా కొన్నాళ్లకు పసుపు ఛాయ తిరుగుతుంది. అప్పుడేం చేసేవారు? ఇంకా గట్టిగా బాదేవారా? లేదు. బకెట్టు నీళ్లలో చిటికెడు నీలిమందు కలిపి పంచె ముంచి తీసేవారు. అంతే, మల్లెపువ్వులా మెరిసిపోయేది. రాబిన్ నీలం పొడి వాడని ఇల్లు ఒకప్పుడు అరుదు. 1983లో కేరళలో పుట్టిన ఉజాలా అయితే పొడి పోయి చుక్కల్లోకి వచ్చింది. ఆ చుక్కల రంగు ఎప్పుడైనా గమనించారా? ఊదాకు దగ్గరగా ఉంటుంది. నీలిమందు మురికిని తియ్యదు. పసుపు మీద తన రంగు వేసి పసుపును కంటికి కనబడకుండా చేస్తుంది. టోనింగ్ షాంపూ చేసే పనీ అదే. జుట్టుకు నీలిమందు అనుకోండి, సరిపోతుంది. (ఇది చదివి ఎవరైనా బకెట్లో ఉజాలా చుక్కలు వేసి తల ముంచేరు! అది బట్టలకు చేసినది, చర్మానికి కాదు. ఇంకు, జెన్షన్ వయొలెట్ లాంటివి కూడా తలకు వద్దు.)

ఎదురెదురు రంగులు ఒకదాన్నొకటి అణచివేస్తాయని చెప్పే చక్రాన్ని న్యూటన్ 1704లో తన కాంతిశాస్త్ర గ్రంథంలో గీశాడు. దాన్ని మన జుట్టుకు వర్తింపజేస్తే లెక్క ఇలా తేలుతుంది. మీ జుట్టు అరటితొక్క పసుపుగా ఉంటే ఊదారంగు షాంపూ. మామిడిపండు పసుపులో కాస్త నారింజ కూడా కలిసి ఉంటే నీలం, ఊదా రెండూ కలిసినది. కమలాపండు నారింజగా ఉంటే నీలం. ఇటుక ఎరుపుగా ఉంటే ఆకుపచ్చ. ఆకుపచ్చ షాంపూ అనగానే జడుసుకోనక్కరలేదు. ఎరుపును అణిచి గోధుమరంగు చేస్తుందేగాని తలను గడ్డివాము చెయ్యదు.

ఈ లెక్క మన పెరట్లో కూడా ఉంది. తెల్లజుట్టుకు ముందు గోరింటాకు పెడతారు, నారింజ ఎరుపు వస్తుంది. దానిమీద నీలి ఆకు పొడి పెడతారు, నలుపుకు దగ్గరైన గోధుమరంగు వస్తుంది. నారింజ మీద నీలం పడితే గోధుమ. పార్లరువారు పుట్టక ముందునుంచీ మనవాళ్లకు తెలిసిన సంగతే ఇది.

అయితే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. టోనింగ్ షాంపూ జుట్టును తెల్లబరచదు. ఒక వీసమెత్తు ముదురు చేస్తుందేగాని లేతచెయ్యదు. నారింజ మీద నీలం వాడితే వచ్చేది గోధుమరంగేగాని ఫొటోలోని వెండిరంగు కాదు. బ్లీచింగు వల్ల దెబ్బతిన్న జుట్టును బాగుచేసే గుణమూ దీనికి లేదు. ఇవన్నీ చేస్తుందని సీసామీద రాసి ఉంటే నమ్మకండి.

ఇక కొట్టుకు వెళ్లే ముందు చెయ్యవలసిన పని. తల శుభ్రంగా కడుక్కుని, పూర్తిగా ఆరాక, పగటి వెలుతురులో కిటికీ దగ్గర నిలబడి జుట్టు చూసుకోండి. ట్యూబులైటు కింద పసుపు తెల్లగా కనిపిస్తుంది, పాతకాలపు బల్బు కింద గోధుమరంగు కూడా నారింజగా కనిపిస్తుంది. తడిజుట్టు కూడా ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. ఇటుకా, కమలాపండా, మామిడా, అరటితొక్కా అన్నది మీరే తేల్చుకోండి. మొదళ్లలో ఒక రంగు, కొసల్లో ఒక రంగు ఉండటం కూడా మామూలే. అలాంటప్పుడు ఎక్కువ భాగం ఏ రంగో దానికి తగినది కొని, అవసరమున్న చోటనే రాసుకోవాలి.

కొట్టులో సీసా రంగు చూసి మోసపోకండి. లోపలి ద్రవం రంగు ముఖ్యం. ఊదా సీసాలో తెల్లటి షాంపూ పోసి అమ్మేవారున్నారు. ‘రంగుజుట్టుకు ప్రత్యేకం’ అని రాసినవన్నీ టోనింగ్ షాంపూలు కావు. అవి ఉన్న రంగు త్వరగా పోకుండా చూసేవి మాత్రమే. ‘బ్లాండ్’, ‘సిల్వర్’, ‘ప్లాటినం’ అని ఉన్నవి సాధారణంగా ఊదావి. ‘బ్రూనెట్’ అని ఉండి టోనింగ్ అని కూడా ఉన్నవి సాధారణంగా నీలంవి. మన ఆడపిల్లల్లో చాలామందికి కావలసినవి ఇవే. వెనక సన్నటి అక్షరాలు కూడా చదవండి. ‘యాసిడ్ వయొలెట్ 43’ అనిగాని, ‘సి.ఐ. 60730’ అనిగాని ఉంటే అది ఊదారంగు. ‘సి.ఐ. 42090’ నీలం. కాకపోతే ఈ నీలాన్ని మామూలు షాంపూల్లో కూడా కంటికి ఇంపుగా ఉండటం కోసం ఇంచుక వేస్తారు. అందుకని ద్రవం ఇంకులాగా చిక్కగా ఉందో లేదో చూడాలి. తెల్లటి దూదిమీద ఒక చుక్క వేస్తే దాని అసలు రంగు బయటపడుతుంది. ఘాటుగా నురగనిచ్చే సల్ఫేట్లు లేనిదైతే మరీ మంచిది. జుట్టు పీచులా ఉన్నవారు షాంపూకు బదులు అదే రంగు కండిషనరు వాడుకోవచ్చు. ముందుగా చిన్న సీసా కొనండి. పనిచేస్తే పెద్దది ఎక్కడికీ పోదు.

మాటవరసకు చెబుతున్నాను, ‘షాంపూ’ అన్నది ఇంగ్లీషువారి సొంత మాట కాదు. హిందీలో ఒత్తటం, మర్దన చెయ్యటం అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆవిరి స్నానశాల పెట్టి, ఈ ‘షాంపూయింగు’ వైద్యంతో పేరుకెక్కాడు. మనం ఎగుమతి చేసిన మాటే సీసాలో పోసుకుని మనదగ్గరికి తిరిగివచ్చిందన్నమాట.

వాడే పద్ధతి చెబుతాను. మొదటిసారి వాడే ముందు చెవి వెనకగాని, మోచేతి మడతలోగాని కాస్త రాసి రెండు రోజులు చూడండి. దురద, దద్దుర్లు వస్తే ఆ సీసా జోలికి పోవద్దు. ఆ తరవాత లోపలివైపు ఒక చిన్న పాయకు రాసి ఎంతసేపటికి ఎంత రంగు పడుతుందో చూసుకోండి. బ్లీచింగు ఎక్కువైన జుట్టు స్పంజిలాంటిది. రంగును గబుక్కున పీల్చేస్తుంది. చేతులకు తొడుగులు వేసుకోండి, లేకపోతే రాజమండ్రి అమ్మాయి గోళ్ల గతే పడుతుంది. తల తడిపి, రంగు ఉన్నచోట సమంగా పట్టించి, మొదటిసారి రెండు నిమిషాలు, చాలకపోతే తరవాతి సారి నాలుగైదు నిమిషాలు ఉంచి గోరువెచ్చని నీళ్లతో కడిగెయ్యండి. వెంటనే కండిషనరు రాయండి. వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. తక్కిన రోజుల్లో మామూలు మెత్తటి షాంపూ. రోజూ వాడితే రంగు పేరుకుపోయి జుట్టు మసకబారుతుంది, వెంట్రుక ఎండిపోతుంది. ఒకవేళ ఊదా ఛాయ ఎక్కువైతే కంగారుపడకండి. మామూలు షాంపూతో రెండు మూడు తలంట్లు పోసుకుంటే అదే దిగిపోతుంది.

తలంటుకు ముందు కొబ్బరినూనె రాయటం మాత్రం మానకండి. 2003లో ముంబాయి పరిశోధకులు కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిలును పోల్చి చూశారు. వెంట్రుకలోని ప్రోటీను నీళ్లలో పోకుండా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటే. బ్లీచింగు చేసిన జుట్టుకు కూడా అది పనిచేసింది. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే కంపెనీకి చెందినవారే అన్న సంగతి కూడా చెప్పటం న్యాయం. అయినా మన అమ్మమ్మల అనుభవం కూడా వారి పక్షానే ఉంది.

ఈ షాంపూ ఎవరికి అక్కరలేదో కూడా చెప్పాలి. బ్లీచింగు చేయించని నల్లజుట్టుకు దీనివల్ల ఏమీ కాదు, డబ్బు దండగ. కావాలనే తేనెరంగో రాగిరంగో వేయించుకున్నవారు నీలం షాంపూ వాడితే, డబ్బుపోసి కొనుక్కున్న ఆ ఛాయనే అది చంపేస్తుంది. జుట్టు ఆకుపచ్చగా మారినవారికి కూడా ఇది మందు కాదు. ఈతకొలనులోను, కొన్నిచోట్ల గొట్టపు నీళ్లలోను ఉండే రాగి లేతరంగు జుట్టుకు పట్టి అలా అవుతుంది. దానికి లోహాలను తీసే షాంపూలు వేరే ఉన్నాయి. గోరింటాకు పేరుతో అమ్మే రంగుపొడులు వాడినవారు బ్లీచింగు చేయించేముందు ఆ మాట పార్లరులో తప్పక చెప్పాలి. కొన్ని పొడుల్లో లోహలవణాలుంటాయి. వాటిమీద పెరాక్సైడు పడితే వేడి పుట్టి జుట్టు పాడైపోతుంది.

రాజమండ్రి అమ్మాయికి నేను రాసింది ఇది: “ఇంకోసారి బ్లీచింగు వద్దే వద్దు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుము దాటిన నీ జడ కొసలు ఐదారేళ్ల వయసువి. ఇప్పటికే పీచులా ఉన్నవాటిమీద మళ్లీ మందు పోస్తే, తడిపినప్పుడు రబ్బరులా సాగి తెగిపోతాయి. తెగిన వెంట్రుక తనంతట తాను అతుక్కోదు, దానికి ప్రాణం లేదు గనక. నీలం షాంపూ చిన్న సీసా కొని, ఈ పన్నెండు రోజుల్లో మూడుసార్లు వాడు. నారింజ అణిగి గోధుమరంగు వస్తుంది. ఫొటోలోని రంగు రాదు. కాని నలుగురిలో తలెత్తుకు తిరగటానికి అది చాలు. నల్లరంగు కూడా ఇప్పుడే వద్దు. బ్లీచింగు చేసిన జుట్టుకు నలుపు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. మళ్లీ తియ్యాలంటే ప్రాణాంతకం. పైగా నల్లరంగు పెట్టెల్లో చాలావాటిలో ఉండే పారాఫినిలీన్ డయమీన్ కొందరికి పడదు, ముఖం వాచిపోతుంది. ముందు చర్మంమీద పరీక్షించి 48 గంటలు ఆగకుండా ఎవరూ తలకు పెట్టకూడదు. పెళ్లిముందు వాచిన ముఖంకంటె గోధుమరంగు జడ నయం గదా!

“ఇక అమ్మ సంగతి. అమ్మ నీ మీద కోపంగా ఉంది అనుకుంటున్నావు. నీకు ఆరేళ్లప్పటినుంచి ఆ జుట్టుకు నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసింది ఆవిడ. ఆ జడ పీచైపోతుంటే చూడలేక మాట్లాడటం లేదేమో కనుక్కో. షాంపూ తెచ్చి ఆవిడ చేతిలోనే పెట్టు. ‘పంచెకు నీలిమందు పెట్టినట్టు పెట్టాలిట, నాకు చేతకావటం లేదు’ అని చెప్పు.”

పెళ్లయిన వారానికి ఆ అమ్మాయి మళ్లీ ఉత్తరం రాసింది. షాంపూ అమ్మే పెట్టిందిట. “ఎక్కువైతే నీలపు మరకలు పడతాయే, పంచెకైనా అంతే” అంటూ నిమిషాలు లెక్కపెట్టి కడిగేసిందిట. జుట్టు ‘ఎండిన తాటాకు రంగు’కు వచ్చిందని, కొసలు నాలుగంగుళాలు కత్తిరించామని, పూలజడ వేస్తే తేడా పెద్దగా తెలియలేదని రాసింది. నల్లరంగు పెట్టె బల్లమీదనుంచి ఎప్పుడు మాయమైందో తెలియదుట.

తల్లులకు కూడా ఒక మాట. అమ్మాయి జుట్టుకు రంగు వేయించుకుంటే ఇంటి పరువేమీ పోదు. గోరింటాకుతో అరిచేతులు ఎర్రబరచుకున్న మనకు రంగుల సరదా కొత్తా? తిట్టటానికి బదులు, ఏ మందు వాడుతున్నారు, ఎంతసేపు ఉంచుతున్నారు, ముందు పరీక్ష చేశారా అని పార్లరులో అడిగే పెద్దదిక్కుగా పక్కన నిలబడితే పిల్లకు మేలు జరుగుతుంది. పదిహేడేళ్ల పిల్ల ఒంటరిగా కుర్చీలో కూర్చుంటే, నెత్తి మండుతున్నా మొహమాటపడి ఊరుకుంటుంది. మండితే వెంటనే కడిగెయ్యమని చెప్పే ధైర్యం ఆ పిల్లకు మనమే ఇవ్వాలి.

ఊదారంగు షాంపూ కుర్రకారుకే అనుకోకండి. గుంటూరు నుంచి ఒక రిటైరైన పంతులమ్మగారు రాశారు: “రంగు వేసుకోవటం మానేశాను. తెల్లజుట్టు హాయిగా ఉంది. కాని ఈమధ్య అది పాతకాగితంలా పసుపు తిరుగుతోంది. దీనికేమైనా ఉందా?” ఉందండీ. ఎండ, పొగ, ముదురురంగు నూనెలు, బోరునీళ్లలోని ఇనుము, ఇవన్నీ తెల్లజుట్టును పసుపు చేస్తాయి. ఇంగ్లండులో పెద్దవయసు ఆడవాళ్లు ఒకప్పుడు ‘బ్లూ రిన్స్’ అని నీలపు నీళ్లతో తల కడుక్కునేది దీనికోసమే. కొందరు మోతాదు మించి నీలిమబ్బుల్లా తిరిగేవారు కూడాను! మీరు మామూలు షాంపూలో ఊదా షాంపూ నాలుగోవంతు కలిపి, పదిరోజులకొకసారి ఒక్క నిమిషం ఉంచి కడిగెయ్యండి. ఆఖరి చెంబు మాత్రం మంచినీళ్లు పోసుకోండి. వెండితీగల్లాంటి జుట్టు మీకు నిండుగా ఉంటుంది.

కుంకుడుకాయలా, షాంపూనా, ఏది మంచిదో తేల్చి చెప్పమని అడిగిన నెల్లూరు, వరంగల్లు సోదరీమణులకు వచ్చేవారం జవాబు చెబుతాను. ఈలోగా ఎవరైనా టోనింగ్ షాంపూ కొనదలిస్తే, కొట్టుకు పోయేముందు ఓసారి కిటికీ దగ్గర నిలబడి జుట్టు చూసుకుని మరీ వెళ్లండి.